ఎనిమిదో అడుగు

మన పెళ్లిళ్లలో ఏడడుగులు కలిపి నడిపిస్తారు. పక్కన పురోహితుడుంటాడు. కొంగుముడి ఉంటుంది. చుట్టూ చుట్టపక్కాలుంటారు. కాబట్టి ఆ ఏడడుగులూ ఎవరైనా సవ్యంగానే నడుస్తారు. చిక్కంతా ఎనిమిదో అడుగుతోనే. అప్పటికి ముడి విప్పేస్తారు. పంతులుగారు భోజనానికి లేస్తారు. ఇక ఎవరి నడక వాళ్లది.

మా పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. ఎనిమిదో అడుగు నుంచీ నేను ముందు, మా ఆవిడ వెనక. మా నాన్న అలాగే నడిచాడు. మా తాతా అలాగే నడిచాడు. మా ఇంట్లోనే ఇలా అనుకుంటున్నారేమో... ఈ సాయంత్రం మీ వీధిలో ఓ పావుగంట కూర్చుని చూడండి. చేతులు వెనక్కి కట్టుకుని ఓ పెద్దాయన ముందు నడుస్తుంటాడు. పది గజాల వెనక సంచి మోస్తూ ఆయన భార్య. మధ్యమధ్య ఆయన ఆగి, వెనక్కి తిరిగి "ఊఁ, రా!" అంటాడు. ఆవిడ దగ్గరికి వచ్చీ రాగానే మళ్లీ బయల్దేరతాడు. ఆగినందుకు ఆయనకు దొరికిన విశ్రాంతి ఆవిడకు ఎప్పటికీ దొరకదు.

ఆరేళ్ల కిందటి సంగతి. రైతుబజారు నుంచి వస్తున్నాం. ఆ నెల కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో నేను వివరంగా చెబుతూ నడుస్తున్నాను. "మాస్టారూ! మాస్టారూ!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. తిరిగి చూస్తే యాభై గజాల దూరంలో నలుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో మా ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. టమాటాలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. కాలికేదో తట్టుకుని పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

అంటే, ఆ యాభై గజాలూ నేను గాలికి కరెంటు బిల్లు లెక్క చెప్పానన్నమాట. దానికి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ యాభై గజాల సంగతి నాకు సరిగ్గా అర్థం కావడానికి భూగోళానికి అవతలి వైపు వెళ్లాల్సి వచ్చింది.

నడవడమే నాట్యమా?

మా అబ్బాయికి వాళ్ల కంపెనీ అర్జెంటీనాలో రెండేళ్ల పని అప్పజెప్పింది. "ఓసారి వచ్చి వెళ్లండి" అంటే ఓ నవంబరులో మేమిద్దరం బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాం. మనకూ వాళ్లకూ ఎనిమిదిన్నర గంటల తేడా. మనకు చలి మొదలయ్యే వేళకు వాళ్లకు ఎండలు ముదురుతాయి. రాత్రి పదింటికి భోజనాలు, పన్నెండింటికి డాన్సులు. తొమ్మిదింటికల్లా దుప్పటి కప్పుకునే ప్రాణాలు మావి.

టాంగో ఆ ఊరి నాట్యం. దాని గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. నోట్లో గులాబీ పువ్వు, గిర్రున తిరగడం, అమ్మాయిని నేల దాకా వంచి ఆపడం... ఇంగ్లిషు సినిమాలు చూసేవారికి 1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ ఉమన్' గుర్తుండే ఉంటుంది. అందులో చూపు పోయిన సైనికాధికారిగా అల్ పచీనో ఒక అమ్మాయితో టాంగో ఆడతాడు. 'కళ్లు కనపడనివాడు అంత బాగా ఎలా ఆడతాడు, సినిమా కాకపోతే!' అనుకున్నాను అప్పట్లో.

బెల్గ్రానో అనే పేటలో ఓ పార్కు ఉంది. అందులో ఒకప్పుడు బ్యాండువాళ్ల కోసం కట్టిన గుండ్రటి మంటపం. సాయంత్రం అక్కడ జనం చేరి టాంగో ఆడతారని మా అబ్బాయి తీసుకెళ్లాడు. స్టేజి లేదు, ముందు వరసలో కుర్చీలు లేవు, చప్పట్లు లేవు. ఇరవై ఏళ్ల పిల్లలున్నారు. డెబ్బై దాటిన తాతలూ మామ్మలూ ఉన్నారు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి సంచి గట్టు మీద పెట్టి దిగినవాళ్లున్నారు. జంటలు జంటలుగా, గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో మెల్లగా సాగుతున్నారు. గులాబీలూ లేవు, వంచడాలూ లేవు.

"ఇదేమిట్రా! వీళ్లు నడుస్తున్నారంతే!" అన్నాను.

"అంతే నాన్నా. టాంగో అంటే నడకే" అన్నాడు వాడు.

తరవాత తెలిసింది. కాళ్లు గాల్లోకి విసిరేది ప్రదర్శనల కోసం తయారుచేసిన టాంగో. ఊళ్లో జనం ఆడుకునేది వేరు. బ్యూనస్ ఎయిర్స్‌లో 2003 నుంచి ప్రపంచ టాంగో పోటీలు జరుగుతున్నాయి. వాటిలో కూడా ఈ రెంటికీ రెండు విభాగాలు. జనం ఆడుకునే తరహా విభాగంలో ముందుగా కట్టుకొచ్చిన నాట్యం పనికిరాదు. అప్పటికప్పుడు వినిపించిన పాటకు, మిగతా జంటల మధ్య, పట్టిన పట్టు వదలకుండా నడవాలి. నడకలోనే అన్నీ తేలిపోతాయి. ఏళ్ల తరబడి ఆడినవాళ్లను కష్టమైనది ఏమిటని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట... నడవడం.

ఓడ దిగినవాళ్ల ఒంటరితనం

ఇంతకీ ఈ నడక ఎక్కడ పుట్టింది? రియో దె లా ప్లాతా అనే నదికి ఒక ఒడ్డున అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్, రెండో ఒడ్డున ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో. 19వ శతాబ్దం చివర్లో ఈ రెండు ఊళ్ల పేదవాడల్లో టాంగో పుట్టింది. అప్పట్లో ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి, తూర్పు ఐరోపా నుంచి లక్షలమంది బతుకుతెరువు కోసం ఓడలెక్కి వచ్చేవారు. 1914 జనాభా లెక్కల నాటికి బ్యూనస్ ఎయిర్స్‌లో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లే. అందులో ఒంటరి మగవాళ్లే ఎక్కువ. ఒక్కో లోగిట్లో పదుల కుటుంబాలు, ఒక్కో గదిలో ఓ కుటుంబం. ఒకరి భాష ఒకరికి రాదు. అంతకుముందే బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్ల తాళం, పశువుల కాపరుల పాటలు, క్యూబా నుంచి వచ్చిన హబనేరా వరస... అన్నీ ఆ లోగిళ్లలో కలిసిపోయాయి. మాట కలవనివాళ్లు అడుగు కలిపారు.

టాంగోకు ప్రాణం బాండోనియాన్ అనే వాయిద్యం. జర్మనీలోని క్రెఫెల్డ్ ఊరివాడైన హైన్రిక్ బాండ్ పేరు మీద దానికా పేరు వచ్చింది. వలసవాళ్లతో ఓడెక్కి అర్జెంటీనా చేరింది. మన పద్యనాటకాల హార్మోనియానికి ఇది దగ్గరి చుట్టమే. రెంటిలోనూ లోహపు రేకుల మీదుగా గాలి పోతే స్వరం పలుకుతుంది. కాకపోతే దీన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా సాగదీస్తూ, ముడుస్తూ వాయిస్తారు. ఆ సాగదీతలో ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది.

ఆ ఊరి రేవు పక్కన లా బోకా అనే పేట ఉంది. రేకు ఇళ్లకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి ఉంటాయి. అక్కడి ఓ వీధి పేరు 'కమినీతో'. చిన్న దారి అని అర్థం. 1926 నాటి ఓ టాంగో పాట పేరే ఆ దారికి పెట్టారు. కింకేలా మార్తిన్ అనే చిత్రకారుడు పూనుకుని 1959లో దాన్ని ఆరుబయలు ప్రదర్శనశాలగా మార్చారు. చూడండి, పాట పేరులో కూడా నడక దారే!

మొదట్లో పెద్దింటివాళ్లు టాంగోను గుమ్మం తొక్కనివ్వలేదు. కానీ 1913 నాటికి పారిస్‌లో అది పెద్ద మోజైపోయింది. యూనిఫాంలో ఉన్న అధికారులెవరూ టాంగో ఆడకూడదని జర్మనీ చక్రవర్తి అదే ఏడాది ఆజ్ఞ వేయాల్సి వచ్చింది. పారిస్ మెచ్చుకున్నాక సొంత ఊరివాళ్లు కూడా నెత్తిన పెట్టుకున్నారు. ఇంట్లో పిల్లాడి గొప్ప పక్కింటివాళ్లు చెబితేగానీ తెలియకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

మనకు ఘంటసాల ఎలాగో వాళ్లకు కార్లోస్ గార్డెల్ అలాగ. 1935లో కొలంబియాలో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు. సుమారుగా ఆ ఏడాది నుంచి 1955 దాకా టాంగోకు స్వర్ణయుగం అంటారు. దారియెన్సో, ది సార్లి, త్రోయిలో, పుగ్లియేసె... ఈ నలుగురి బృందాలూ వాయిస్తుంటే హాళ్లు నిండిపోయేవి. 1955లో సైనికులు పెరాన్ ప్రభుత్వాన్ని పడగొట్టాక, ఆ వెనకే రాక్ అండ్ రోల్ వచ్చాక హాళ్లు పలచబడ్డాయి. మళ్లీ 1983లో పారిస్‌లో మొదలై 1985లో న్యూయార్క్ చేరిన 'టాంగో అర్హెంతీనో' అనే ప్రదర్శన ప్రపంచాన్ని అటు తిప్పింది. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి అడిగితే యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

కళ్లతోనే కబురు

టాంగో ఆడుకునే కూడలిని 'మిలోంగా' అంటారు. అక్కడ కొన్ని పద్ధతులున్నాయి. అవి నాకు నాట్యం కన్నా ఎక్కువ నచ్చాయి.

ఒకరిని నాట్యానికి పిలవాలంటే దగ్గరికి వెళ్లి చెయ్యి చాపరు. దూరం నుంచే చూస్తారు. అవతలివారు కూడా చూస్తే చిన్నగా తల ఊపుతారు. వాళ్లూ ఊపితే సరేనన్నట్టు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటారు. అంతే. అడిగినవాడి పరువు పోలేదు, కాదన్నవారికి మొహమాటం లేదు. హాల్లో మూడోవాడికి తెలియనే తెలియదు.

పాటలు ఒక్కొక్కటిగా కాక, మూడో నాలుగో ఒక జట్టుగా వస్తాయి. ఆ జట్టును 'తాండా' అంటారు. జట్టుకూ జట్టుకూ మధ్య వేరే సంగీతం ముక్క ఒకటి వేస్తారు. అది తెర లాంటిది. అందరూ విడిపోయి కుర్చీల్లోకి వెళ్లిపోతారు. అంటే ఒకరితో పది పన్నెండు నిమిషాలు. ఆ కాస్సేపూ పూర్తిగా వాళ్లతోనే ఉండాలి. జట్టు మధ్యలో 'గ్రాసియాస్' అంటే, అదే... ధన్యవాదాలు అంటే, 'ఇక చాలు' అని అర్థం. తెలియక మొదటి పాటకే మర్యాద చూపించి భంగపడే కొత్తవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారట!

ఇంకోటి. అందరూ ఒకే దిశలో వరసగా నడుస్తారు. ముందు జంటను దాటిపోకూడదు. వాళ్లు ఆగితే మనమూ ఆగాలి. ఊరికే నిలబడ్డా అది నాట్యమే. మన రోడ్ల మీద హారన్‌కు అలవాటు పడిన నాకు, ముందువాళ్లు ఆగినందుకు వెనకవాళ్లు విసుక్కోకపోవడం వింతగా తోచింది.

బరువు ఏ కాలి మీద?

మా ఊరి పెద్దమనుషులు చూస్తే ఏమనుకుంటారో అన్న భయం అంత దూరాన లేదు కాబట్టి, మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ ఓ రోజు నేర్పేచోటికి తీసుకెళ్లాడు. పాత హాలు, చెక్క నేల, గోడకు వేలాడే ఫ్యాన్లు. నేర్పేవిడకు డెబ్బై ఏళ్లుంటాయి. మనిషి బెత్తంలా ఉంది. మా ఆవిడ చీర చూసి, కుచ్చిళ్లు చూసి, తల అడ్డంగా ఊపింది. ఇంటికెళ్లి చుడీదార్ వేసుకొచ్చే సరికి క్లాసు సగమయింది.

టాంగోలో జంట పట్టుకునే పట్టును 'అబ్రాసో' అంటారు. కౌగిలి అనే అర్థం. అది వినగానే మా ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ పెద్దావిడ నవ్వి, కొత్తవాళ్లకు వేరే ఉపాయం ఉందంది. ఒకరి మోచేతులు ఒకరు తేలిగ్గా పట్టుకుని ఎదురెదురుగా నిలబడమంది. సరే, ఇది తిరనాళ్లలో ఒప్పులకుప్పలాగే ఉంది కదా అని నిలబడ్డాం.

"మొదలుపెట్టమంటారా?" అన్నాను.

"అప్పుడే కాదు. ముందు మీ ఆవిడ బరువు ఏ కాలి మీద ఉందో చెప్పండి" అంది. మా అబ్బాయి తెలుగు చేసి చెప్పాడు.

వంగి కాళ్లు చూడబోయాను. "చూడకూడదు. తెలియాలి" అంది.

కిటుకు ఇదట. మనిషి అడుగు వేయాలంటే ముందు ఒంటి బరువంతా ఒక కాలి మీదికి రావాలి. అప్పుడే రెండో కాలు ఖాళీ అవుతుంది. అవతలి మనిషికి ఏ కాలు ఖాళీగా ఉందో తెలియకుండా మనం అడుగేస్తే వాళ్ల పాదం తొక్కుతాం, లేదా వాళ్లను పడేస్తాం. అందుకని నడిపించేవాళ్ల మొదటి పని నడిపించడం కాదు, వినడం. అదీ చెవులతో కాదు. చేతుల్లోంచి, ఛాతీలోంచి. చేత్తో తోయడం, లాగడం నిషిద్ధం. 'ముందుకు వెళ్దాం' అన్న ఆలోచన మన ఛాతీలో కదిలితే, ఎదుటి మనిషికి అది చేరి, ఆమె తన కాలు వెనక్కి చాచాక, అప్పుడు మనం ఆ చోటులోకి అడుగు పెట్టాలి. చాలామంది కళ్లు మూసుకునే ఆడతారు. సినిమాలో చూపులేని అధికారి ఎలా ఆడాడో అప్పుడు అర్థమైంది.

కళ్లు మూసుకుని, కదలకుండా, ఓ రెండు నిమిషాలు నిలబడ్డాం. ఆవిడ బరువు ఈ కాలి మీదినుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటోంది. మొదట ఏమీ తెలియలేదు. తరవాత తెలిసింది. ఇంకాసేపటికి ఇంకోటి తెలిసింది. ఎడమ కాలి మీద నిలిచినంతసేపు కుడి కాలి మీద నిలవడం లేదు. మోపీ మోపగానే తీసేస్తోంది.

"కుడి కాలికేమైంది?" అన్నాను.

"ఏముంది, మోకాలు. ఏడాదిగా ఉంది" అంది.

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకుంటాను. మీరు ముందు నడుస్తుంటారుగా..."

ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఏడాదిగా ఆవిడ కుంటుతోంది. కుంటేవాళ్లు వెనక ఉంటే ముందున్నవాడికి ఎలా కనిపిస్తుంది?

వెనక్కి నడవాల్సింది నేను

టాంగోలో సాధారణంగా నడిపించేవాళ్లు ముందుకు నడుస్తారు, ఎదుటివాళ్లు వెనక్కి నడుస్తారు. మా వంతు వచ్చింది. పాట మొదలైంది. నేను ఛాతీలో ఆలోచన కదిపాను. మా ఆవిడ కదల్లేదు. మళ్లీ కదిపాను. ఊహూఁ.

"ఏవండీ, మీ వెనక నడవడం నాకు అలవాటే. కళ్లు మూసుకుని వెనక్కి నడవమంటే మాత్రం... నేను పడితే మీకు తెలుస్తుందా?" అంది.

మా అబ్బాయి దీన్ని తెలుగు నుంచి స్పానిష్‌లోకి మార్చలేదు. ఆ పెద్దావిడకు అవసరం కూడా లేకపోయింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. వచ్చి మా ఆవిడ చేతులు పైకి, నా చేతులు కిందికి మార్చి, నా కళ్లు మూసుకోమని సైగ చేసింది. మా ఆవిడ ముందుకు నడవాలట. నేను వెనక్కి!

ఇందులో వింతేమీ లేదని తరవాత చెప్పింది. స్వర్ణయుగంలో మగపిల్లలు నేరుగా మిలోంగాకు వెళ్లేవారు కారట. ముందు మగవాళ్లలో మగవాళ్లే ఒకరితో ఒకరు సాధన చేసేవారు. అక్కడ కొత్త కుర్రాడు నెలల తరబడి వెనక్కి నడిచే పాత్రే ఆడాలి. తనను ఎవరైనా తోస్తే ఎలా ఉంటుందో, ఎదుటివాడు తొందరపడితే ఎలా ఉంటుందో ఒళ్లంతా తెలిశాకే వాడికి నడిపించే వంతు వచ్చేదని పాతతరంవాళ్లు చెప్పుకునేవారట.

మొదటి అడుగు వెనక్కి వేస్తుంటే ఒళ్లు జలదరించింది. వెనక ఏముందో తెలియదు. గోడా? కుర్చీయా? మరో జంటా? నా చేతులు నాకు తెలియకుండానే ఆవిడ మోచేతులను గట్టిగా పట్టేసుకున్నాయి. ఆవిడ ఆగింది. నా పట్టు సడలేదాకా ఆగి, అప్పుడు మళ్లీ కదిలింది. నా కాలు నేలకు ఆనేదాకా తన కాలు వేయలేదు. ఎలా తెలిసింది ఆవిడకు? ముప్పై ఎనిమిదేళ్లుగా నా వీపు చూసి నడుస్తున్న మనిషి కదా, నేనెప్పుడు ఆగుతానో, ఎప్పుడు తిరుగుతానో నాకన్నా ముందు ఆవిడకే తెలుసు. వినడం నేర్చుకోవాల్సింది నేనొక్కణ్నే.

తరవాత మళ్లీ మార్చుకున్నాం. ఈసారి ఆవిడ కళ్లు మూసుకుంది. ది సార్లి బృందం వాయించిన 'బాయీయా బ్లాంకా' అనే పాట పెట్టారు. అది ఆయన పుట్టిన ఊరి పేరు. తొందర లేని పాట. అడుగు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది. గోడ దాకా నడిచాం. ఎన్ని అడుగులో నేను లెక్కపెట్టలేదు. మా ఆవిడ పెట్టిందట. పదకొండు.

"ఏడు దాటాం" అంది.

మరిచిపోయిన నడకకు మందు

ఇదంతా ముసలిమొగుడి ముచ్చటని తీసిపారేయకండి. నడక మనకు మాట కన్నా ముందే వచ్చేస్తుంది కాబట్టి, దాన్ని మరిచిపోతాం. కాలు దాని మానాన అది నడుస్తుంది, బుర్ర కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తుంది. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినవాళ్లకు సరిగ్గా ఈ 'దాని మానాన' నడవడమే చెడుతుంది. అడుగులు చిన్నవైపోతాయి. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతాయి. వెనక్కి అడుగేస్తే పడిపోతారు.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన మాడలిన్ హాక్నీ, గామన్ ఎర్హార్ట్ అనే పరిశోధకులు ఇలాంటివారికి టాంగో నేర్పి చూశారు. 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 58 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు టాంగో, ఒక జట్టుకు వాల్ట్‌జ్, ఫాక్స్‌ట్రాట్ నాట్యాలు, మూడో జట్టుకు ఏదీ లేదు. వారానికి రెండు గంటల చొప్పున 13 వారాల్లో 20 క్లాసులు. నాట్యం నేర్చిన రెండు జట్లకూ ఒంటి నిలకడ, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం, వెనక్కి వేసే అడుగు మెరుగయ్యాయి. టాంగో జట్టు రెండో జట్టుకు తీసిపోలేదు సరికదా, కొన్నిటిలో ముందుంది. జబ్బు నయమైపోతుందని కాదు. టాంగోలో ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం, వెనక్కి నడవడం, పక్కకు తిరగడం ఉన్నాయి. ప్రతి అడుగూ ఎరుకతో వేయాలి. ఆసరాకు తాళం ఉంది, ఎదుట మనిషి ఉంది.

ఎరుకతో నడవడం మనకూ కొత్తేమీ కాదు. పితృకార్యాలకు గయ వెళ్లినవాళ్లు బోధగయ కూడా చూసే ఉంటారు. మహాబోధి ఆలయం పక్కన ఎత్తైన అరుగు ఒకటి ఉంటుంది. జ్ఞానోదయం అయ్యాక బుద్ధుడు అక్కడ అటూ ఇటూ నడిచాడంటారు. చంక్రమణం అని దానికి పేరు. కూర్చుని చేసే ధ్యానం లాగే అది నడిచి చేసే ధ్యానం. ఆ నడక ఒంటరిది. టాంగో నడకకు ఇద్దరు కావాలి. తేడా అంతే. నా అడుగు మీద నాకు ఎరుక ఉంటే చాలదు, నీ అడుగు మీద కూడా ఉండాలి.

మళ్లీ మా వీధిలో

తిరిగి వచ్చాక మేం టాంగో ఆడటం లేదు. మా హాల్లో దివాన్ తీస్తేగానీ చోటు లేదు. చేసిన మొదటి పని మోకాలు డాక్టరుకు చూపించడం. అరుగుదల మొదలైందన్నారు. రోజూ చేయమని కొన్ని వ్యాయామాలు చెప్పారు. ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే బాగుండేదన్నారు. అది నాకు చెప్పాల్సిన మాటే. విన్నాను.

మీరు కూడా ఓ పని చేసి చూడండి. మీ ఇంట్లో మీకన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ఒకరుంటారు. అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, మూడేళ్ల మనవరాలు కావచ్చు. ఫోను ఇంట్లో పెట్టేసి, వాళ్లతో ఓ పది నిమిషాలు వీధి చివరిదాకా నడవండి. వాళ్ల కాలు నేలకు ఆనాక మీ కాలు వేయండి. వాళ్లు ఆగితే ఆగండి. ఎందుకు ఆగారని వెంటనే అడక్కండి. మొదటి రెండు నిమిషాలు విసుగ్గా ఉంటుంది. మూడో నిమిషంలో మీకు తెలియనిదేదో ఒకటి తెలుస్తుంది. హామీ ఇవ్వలేనుగానీ, నాకు మాత్రం తెలిసింది.

రైతుబజారుకు ఇప్పటికీ నడిచే వెళతాం. ఇరవై నిమిషాల దారి ఇప్పుడు అరగంట పడుతోంది. పెద్ద సంచి నా చేతిలో, మా ఆవిడ నా పక్కన. వీధిలో ఒకరిద్దరు చూసి నవ్వుకున్నారు కూడా. నవ్వుకోనివ్వండి. మొన్న ఆదివారం వస్తూ వస్తూ నేను కరెంటు బిల్లు గురించే ఏదో చెబుతున్నాను. ఆ పాత చోటు దగ్గర మా ఆవిడ ఆగింది.

ఎవరూ కేకేయలేదు. నేనూ ఆగాను.